అండమాన్ టూర్‌కి ముందు ఒక ఫిజిక్స్ పాఠం



దసరా సెలవుల తర్వాత బడి తెరిచిన మొదటి రోజు తొమ్మిదో తరగతిలో పాఠం జరగదు. ఎవరు ఏ ఊరు వెళ్లొచ్చారో చెప్పుకోవడంతోనే పీరియడ్ అయిపోతుంది. ఈసారి మా క్లాసులో ఒక అబ్బాయి అండమాన్ వెళ్లొచ్చాడు. స్వరాజ్ ద్వీప్‌లో, అంటే మనమింకా హేవ్‌లాక్ అనే పిలుస్తున్న దీవిలో, స్కూబా డైవింగ్ చేశాడట. నీమో చేపను చూశానని, చేతికి అందేంత దగ్గరగా వచ్చిందని కళ్లు పెద్దవి చేసుకుని చెప్పాడు. అంతా అయ్యాక ఒక ప్రశ్న అడిగాడు.

"మేడమ్, నీళ్లలోకి దిగే ముందు ఊపిరి బిగబట్టొద్దు, బిగబట్టొద్దు అని ట్రైనర్ అన్న పదిసార్లు చెప్పాడు. ఎందుకని అడిగితే తర్వాత చెప్తా అన్నాడు, చెప్పలేదు. స్విమ్మింగ్ పూల్‌లో నేను నిమిషం పైనే బిగబడతాను కదా. అక్కడ ఏం కాలేదు. ఇక్కడ ఎందుకు కూడదు?"

ఆ అబ్బాయి బాగా ఈత వచ్చినవాడు. అందుకే ఆ ప్రశ్న విన్నాక నాకు కాస్త గుండె జారింది. ఈత వచ్చిన పిల్లలే ఈ పొరపాటు సులువుగా చేస్తారు. సంక్రాంతి సెలవులకీ, వేసవికీ మీలో చాలామంది అండమాన్ టికెట్లు చూస్తూ ఉంటారని తెలుసు. ఆ రోజు క్లాసులో చెప్పిన పాఠమే ఇక్కడ మీకూ చెబుతున్నాను.

మీలో తెలుగు మీడియంలో చదివినవారికి ఇది 'పీడనం' పాఠం. మీ పిల్లలకు 'ప్రెషర్'. రెండూ ఒకటే. మన తల మీద ఎన్నో కిలోమీటర్ల మందాన గాలి ఉంది. దాని బరువు ఒక్కో చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో. దీన్నే 1 అట్మాస్ఫియర్ అంటాం. పైకి వెళ్లే కొద్దీ ఇది తగ్గుతుంది. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు ఎక్కుతుంటే చెవులు దిబ్బడ వేసినట్టు అవడం, అరకు వెళ్లేటప్పుడు చిప్స్ ప్యాకెట్ ఉబ్బడం మీరు చూసే ఉంటారు. తిరుమల కొండ మీద గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు పదో వంతు తక్కువ. అన్ని మలుపులు తిరిగి, అంత ఎత్తు ఎక్కితే వచ్చే తేడా ఇది. సముద్రంలో అదే తేడా రావడానికి ఒక్క మీటరు దిగితే చాలు. నీళ్లు గాలి కంటే అంత బరువు మరి. పది మీటర్లు దిగితే, అంటే మూడంతస్తుల ఇల్లంత లోతుకు వెళితే, పీడనం రెట్టింపై 2 అట్మాస్ఫియర్లు అవుతుంది. ఇరవై మీటర్ల దగ్గర 3, ముప్పై దగ్గర 4.

ఇక్కడ క్లాసులో ఒక అమ్మాయి లేచి, "అయితే సిలిండర్ ఎందుకు మేడమ్, పొడుగాటి పైపు పెట్టుకుని పైనుంచి గాలి పీల్చుకోవచ్చు కదా" అంది. పాత సినిమాల్లో హీరో తామర తూడు నోట్లో పెట్టుకుని చెరువులో దాక్కోవడం మనమంతా చూశాం. లెక్క వేద్దాం అన్నాను. ఒక్క మీటరు లోతులో నీటి పీడనం చదరపు సెంటీమీటరుకు 100 గ్రాములు. ఛాతీ వైశాల్యం 30 సెంటీమీటర్లకు 30 అనుకుంటే 900 చదరపు సెంటీమీటర్లు. అంటే ఛాతీ మీద 90 కిలోలు! బయటి గాలి పీల్చాలంటే ప్రతిసారీ ఆ 90 కిలోలను ఎత్తుతూ ఛాతీని విప్పాలి. ఎవరి వల్లా కాదు. స్నార్కెల్ గొట్టం జానెడున్నర, రెండు జానలు మాత్రమే ఉండటానికి ఇది ఒక కారణం. మడుగులో దాక్కున్న దుర్యోధనుడికి జలస్తంభన విద్య ఉంది కాబట్టి సరిపోయింది. మనకు రెగ్యులేటర్ కావాలి.

రెగ్యులేటర్ అంటే నోట్లో పెట్టుకునే ఆ నల్లటి పరికరం, దాని వెనకాల ఉన్న వాల్వులు. చుట్టూ నీరు ఎంత పీడనంతో ఉందో సరిగ్గా అంతే పీడనంతో గాలిని అందించడమే దాని పని. అప్పుడు లోపలా బయటా సమానం, ఛాతీ హాయిగా కదులుతుంది. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో అనే నౌకాదళ అధికారి, ఎమిల్ గాన్యాన్ అనే ఇంజినీరు కలిసి దీన్ని తయారు చేశారు. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క కార్లను గ్యాస్‌తో నడిపేవారు. ఆ గ్యాస్‌ను ఇంజిన్‌కు అందించే వాల్వును గాన్యాన్ ఊపిరి కోసం మార్చాడు. పిల్లలకు నేను ఈ కథ తప్పకుండా చెబుతాను. కారు వాల్వు చేప బతుకునిచ్చిందన్నమాట.

ఇంకో మాట. దాన్ని అందరూ 'ఆక్సిజన్ సిలిండర్' అంటారు, టూర్ బ్రోచర్లలోనూ అలాగే రాస్తారు. అది తప్పు. అందులో ఉండేది మామూలు గాలి. 21 శాతం ఆక్సిజన్, మిగతా దాదాపు అంతా నైట్రోజన్. ఆరు మీటర్లు దాటిన లోతులో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే మూర్ఛ రావచ్చు. ఈ నైట్రోజన్ సంగతికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు ఆ అబ్బాయి ప్రశ్న. ఇంట్లో మీరే చేసి చూపించగల ప్రయోగం ఒకటుంది. మెడికల్ షాపులో సూది లేని 20 మిల్లీలీటర్ల సిరంజీ కొనండి. చాలా చిన్న బుడగలో శనగగింజంత గాలి ఉంచి ముడివేసి సిరంజీలో వేయండి. సిరంజీ మూతిని వేలితో గట్టిగా మూసి లోపలికి నొక్కితే బుడగ ముడుచుకుపోతుంది. అలాగే మూసి ఉంచి వెనక్కి లాగితే ఉబ్బుతుంది. పీడనం రెట్టింపైతే గాలి సగం చోటులోకి కుదించుకుంటుంది, పీడనం సగమైతే రెట్టింపు చోటు తీసుకుంటుంది. రాబర్ట్ బాయిల్ 1662లో చెప్పిన సూత్రం ఇదే. ఇంటర్‌లో పిల్లలు దీన్ని బట్టీ పడతారు.

పూల్‌లో మన అబ్బాయి ఏం చేస్తున్నాడు? ఒడ్డున నిలబడి ఊపిరి తీసుకున్నాడు. నీళ్లలో మునిగాడు, ఊపిరితిత్తుల్లోని గాలి కాస్త కుంచించుకుంది. పైకి వచ్చాడు, మళ్లీ మొదటి పరిమాణానికి వచ్చింది. ఎక్కువేమీ కాలేదు. తూత్తుకుడి దగ్గర ముత్యపుచిప్పల కోసం మునిగిన జాలర్లు తరతరాలుగా చేసిందీ ఇదే. వాళ్లకు ఊపిరి బిగబట్టడమే విద్య.

స్కూబాలో కథ తిరగబడుతుంది. పది మీటర్ల లోతులో మన అబ్బాయి సిలిండర్ నుంచి గుండెనిండా నాలుగు లీటర్ల గాలి పీల్చాడు అనుకోండి. ఆ గాలి 2 అట్మాస్ఫియర్ల పీడనంలో ఉంది. ఏదో చూసి భయపడ్డాడు. భయపడితే మనిషి మొదట చేసే పని ఊపిరి బిగబట్టడం. ఈత నేర్చిన పిల్లవాడైతే ఊపిరి బిగబట్టి కాళ్లు కొట్టుకుంటూ పైకి దూసుకుపోతాడు, వాడికి అలవాటైన పని కాబట్టి. పైకి చేరేసరికి ఆ నాలుగు లీటర్లు ఎనిమిది లీటర్లు కావాలి. ఛాతీలో అంత చోటు లేదు. ఊపిరితిత్తుల్లోని సన్నటి గాలితిత్తులు చిరుగుతాయి. గాలి బుడగలు రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకు వెళ్లవచ్చు. ముందుగా నొప్పి పుట్టి హెచ్చరిస్తుందన్న నమ్మకం కూడా లేదు. దీనికి గొప్ప లోతు కూడా అక్కర్లేదు. గాలి పరిమాణంలో మార్పు అన్నిటికంటే ఎక్కువ వేగంగా ఉండేది పైన ఉన్న మొదటి పది మీటర్లలోనే. టూరిస్టులు దిగేది సరిగ్గా అక్కడే. నిండుగా పీల్చి బిగబడితే ఈతకొలనంత లోతులోనైనా ప్రమాదం జరగవచ్చు. మామూలుగా ఊపిరి తీస్తూ వదులుతూ ఉంటే పెరిగిన గాలి దానంతటదే బయటికి పోతుంది. ట్రైనర్ అన్న పదిసార్లు చెప్పింది ఇందుకే. నాకున్న ఫిర్యాదల్లా, పదకొండోసారి కారణం కూడా చెప్పి ఉండాల్సింది. తొమ్మిదో తరగతి పిల్లవాడికి కారణం చెబితే అర్థమవుతుంది, గుర్తుంటుంది.

చెవుల సంగతి నాకు స్వానుభవం. కొంచెం సిగ్గుగా ఉన్నా చెబుతాను. బీఈడీ అయ్యాక స్నేహితురాళ్లతో ఒక దీవికి వెళ్లాను. ముందురోజు ఓడలో ఏసీకి జలుబు చేసింది. ఉదయాన్నే డైవింగ్ షాపులో ఒక ఫారం ఇచ్చారు. జలుబు, సైనస్, ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, చెవి ఆపరేషన్... వరుసగా ప్రశ్నలు. ఇంత దూరం వచ్చాం, డబ్బు కట్టేశాం, బయట వ్యాన్ హారన్ కొడుతోంది. రెండు నిమిషాల్లో అన్నిటికీ 'లేదు' అని టిక్ పెట్టేశాను. బాయిల్ సూత్రం మీద లెసన్ ప్లాన్ రాసి మార్కులు తెచ్చుకున్న మనిషిని!

కర్ణభేరి వెనకాల ఒక చిన్న గాలి గది ఉంటుంది. దాని నుంచి గొంతులోకి సన్నటి గొట్టం. కిందికి దిగుతుంటే నీరు కర్ణభేరిని లోపలికి నొక్కుతుంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే ఆ గొట్టం తెరుచుకుని రెండువైపులా సమానమవుతుంది. దీన్ని ఈక్వలైజ్ చేయడం అంటారు. నొప్పి మొదలయ్యాక కాదు, మొదటి మీటరు నుంచే చేస్తూ ఉండాలి. జలుబు చేస్తే ఆ గొట్టం వాచి మూసుకుపోతుంది. ఎంత ఊదినా తెరుచుకోదు. రెండు మీటర్లకే ఎడమ చెవిలో సూది గుచ్చినట్టయింది. అందరూ దిగుతున్నారు కదా అని బాగానే ఉన్నానని సైగ చేశాను. ఇంకాస్త దిగాక తట్టుకోలేక చెవి చూపించాను, పైకి తీసుకొచ్చారు. కర్ణభేరి కమిలిందని ఊరికొచ్చాక ఈఎన్‌టీ డాక్టరు గారు చెప్పారు. మూడు వారాల పాటు క్లాసులో నా ఎడమవైపు బెంచీల పిల్లలు ఏం అడిగినా "ఏంటి నాన్నా, మళ్లీ చెప్పు" అనేదాన్ని.

అందుకే ఆ ఫారం గురించి నా మాట వినండి. మీ అబ్బాయికి చిన్నప్పుడు ఉబ్బసం ఉండి, ఇన్‌హేలర్ వాడి ఉంటే 'అవును' అనే రాయండి. ఉబ్బసంలో సన్నబడిన గాలిదారుల వెనక గాలి చిక్కుకుపోతే, ఊపిరి బిగబట్టకపోయినా బిగబట్టినట్టే. 'అవును' అంటే డైవింగ్ రద్దు అని అర్థం కాదు, డాక్టరు పరీక్షించి సరే అంటే దిగవచ్చు. ఊరు దాటక ముందే ఆ పని చేసుకోండి. ప్రయాణం నాటికి జలుబు ఉంటే మాత్రం ఆ రోజుకు మానేయడమే. పిల్లలకు సైగలు కూడా ముందే నేర్పండి. నీళ్లలో బొటనవేలు పైకి చూపిస్తే 'సూపర్' అని కాదు, 'నన్ను పైకి తీసుకెళ్లండి' అని. బాగున్నానని చెప్పడానికి చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టాలి.

ఇప్పుడు నైట్రోజన్. సోడా సీసా మూత తీయకముందు బుడగలు కనిపించవు. తీయగానే బుస్సున పొంగుతుంది. పీడనంలో ద్రవంలో కరిగిన వాయువు, పీడనం తగ్గగానే బయటికి రావడమది. డైవింగ్‌లో సీసా మన ఒళ్లే. లోతులో పీల్చిన నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో, కీళ్లలో కరుగుతుంది. మెల్లగా పైకి వస్తే ఊపిరితో పాటే బయటికి పోతుంది. తొందరపడితే ఒంట్లోనే బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, మరీ ముదిరితే పక్షవాతం. దీన్ని బెండ్స్ అంటారు. నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించకుండా పైకి రావాలన్న నియమం, అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగే అలవాటు ఇందుకే.

ఎంత లోతు నుంచి ఎంత మెల్లగా రావాలో మొదట పట్టికలు వేసింది జాన్ స్కాట్ హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త. మేకల మీద ప్రయోగాలు చేసి 1908లో ప్రకటించాడు. ఆయన కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్ ఇంకా మొండివాడు. 1939లో థీటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయాక, పీడనం మనిషిని ఏం చేస్తుందో తెలుసుకోవడానికి తనే ఇనుప గదిలో కూర్చుని ప్రయోగాలు చేసుకున్నాడు. ఒళ్లు దెబ్బతిన్నా ఆపలేదు. ఆయన 1957లో మన దేశం వచ్చి, భారత పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన శరీరాన్ని వైద్య విద్యార్థుల చదువుకు ఇవ్వాలని రాసి పెట్టాడు. అది చేరింది మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి. ఈ మాట చెప్పినప్పుడు క్లాసు ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. తూర్పు గోదావరి నుంచి వచ్చిన ఒక పిల్ల మాత్రం "మా మావయ్య చదివింది అక్కడే" అని గర్వంగా చుట్టూ చూసింది.

ఈ నైట్రోజన్ సంగతి మీ టూర్ ప్లాన్‌ను నేరుగా తాకుతుంది. విమానం క్యాబిన్‌లో పీడనం నేల మీద కంటే తక్కువ. దాదాపు రెండు వేల మీటర్ల కొండ మీద కూర్చున్నట్టు. ఒంట్లో నైట్రోజన్ మిగిలి ఉండగా విమానం ఎక్కితే మూత తీసిన సోడా అవుతాం. ఒక్క డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, రెండు మూడు చేసినవారు కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలి. చాలామంది ట్రైనర్లు ఏకంగా 24 గంటలని చెబుతారు, పిల్లలతో వెళ్లేటప్పుడు నేనూ అదే లెక్క పెట్టుకుంటాను. కొన్ని ప్యాకేజీల్లో చివరి రోజు నార్త్ బే దీవిలో స్కూబా పెడుతుంటారు. పాత ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్ల మధ్య కనిపించే దృశ్యం అక్కడిదే. సాయంత్రం దాకా నీళ్లలో ఉండి, పొద్దున్నే శ్రీ విజయపురం నుంచి హైదరాబాద్‌కో విశాఖకో మొదటి విమానం పట్టుకుంటే గంటలు సరిపోవు. ఏజెంటుతో మాట్లాడి డైవింగ్‌ను ముందు రోజులకు జరిపించుకోండి. విమానం దిగి డైవింగ్ చేయడంలో ఈ ఇబ్బంది లేదు.

ఇంతా చెప్పి, కింద ఏముందో చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు. నీళ్లు ముందుగా ఎరుపును మింగేస్తాయి. అయిదు మీటర్లు దాటేసరికి ఎర్రటి స్విమ్‌సూట్ మట్టిరంగులోకి మారుతుంది, ఫొటోలన్నీ నీలంగా వచ్చేది అందుకే. మాస్కు అద్దం దగ్గర వక్రీభవనం వల్ల చేపలు మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి. చేతికి అందేంత దగ్గరగా వచ్చిన మన అబ్బాయి నీమో నిజానికి ఇంకాస్త దూరంలోనే ఉండి ఉంటుంది. అది చెబితే వాడి మొహం చిన్నబోయింది, చెప్పకుండా ఉండాల్సింది.

పగడాలు రాళ్లలా కనిపిస్తాయి గానీ అవి ప్రాణులు. వాటి ఒంట్లో ఉండే సూక్ష్మమైన శైవలాలు ఎండతో ఆహారం తయారు చేసి పెడతాయి, రంగునిచ్చేవీ అవే. వేసవిలో ఉండే వేడి కంటే నీరు ఒక్క డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాల పాటు ఉంటే ఆ జత విడిపోయి పగడాలు తెల్లబడతాయి. 2010లో అండమాన్‌లో చాలాచోట్ల అలా తెల్లబడ్డాయి. పట్టుకోవద్దని, వాటి మీద నిలబడొద్దని పిల్లలకు చెప్పండి. ఒడ్డున దొరికిన ముక్కనైనా బ్యాగులో వేసుకోకూడదు. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఎయిర్‌పోర్టులో తనిఖీ చేస్తారు.

వయసు గురించి చాలామంది అడుగుతున్నారు. ప్రపంచంలో ఎక్కువమంది పాటించే శిక్షణ నియమాల ప్రకారం సముద్రంలో మొదటి డైవ్‌కు పదేళ్లు నిండాలి, పన్నెండు మీటర్లు దాటకూడదు. అంతకంటే చిన్నవాళ్లకు స్నార్కెలింగ్ చాలు. నీమో పైనుంచీ కనిపిస్తుంది.

ఇంగ్లిష్ పేజీల్లో ఒక లెక్క ఇచ్చాను. 11 లీటర్ల సిలిండర్‌లో 200 అట్మాస్ఫియర్ల పీడనంలో గాలి ఉంది, నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి పది మీటర్ల లోతులో ఎంతసేపు వస్తుంది, నాలుగో వంతు మిగుల్చుకుని పైకి రావాలంటే ఎప్పుడు బయలుదేరాలి అని. పిల్లలతో కలిసి చేయండి. తల్లిదండ్రుల సమావేశం రోజు ఫిజిక్స్ ల్యాబ్‌లో సిరంజీలు, బుడగలు పెట్టి ఉంచుతాను. రిపోర్ట్ కార్డు తీసుకునే ముందు ఒక పది నిమిషాలు అటు రండి. సిరంజీ మూతి గట్టిగా మూయాలి, గోళ్లు పెంచుకున్నవారికి కాస్త కష్టం.